డిపెండెన్సీ స్కానింగ్

డిపెండెన్సీ స్కానింగ్ అనగా ఒక సాఫ్ట్‌వేర్‌లో ఇతరులు వ్రాసిన ఏయే భాగాలు కలిసి ఉన్నవో గుర్తించి, వాటిలో ఇప్పటికే బయటపడిన భద్రతా లోపాలు ఏవైనా ఉన్నవేమో కంప్యూటరు ద్వారా సరిచూచు ప్రక్రియ. సాఫ్ట్‌వేర్‌ను తయారుచేయు పని స్వయంచాలకముగా జరుగు ప్రతిసారీ ఈ తనిఖీ కూడా జరిగేటట్లు ఏర్పాటు చేయుట నేటి పరిశ్రమలో సాధారణ పద్ధతి. తీవ్రమైన లోపము కనబడినచో తయారీని అక్కడికక్కడే ఆపివేయునట్లు కూడా అమర్చవచ్చును.

ఈ తనిఖీ కొత్త లోపాలను కనుగొనదు. ఇతరులు కనుగొని, ప్రకటించి, సంఖ్య కేటాయించిన లోపాలు తన ఎదుట ఉన్న సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవా, లేవా అని మాత్రమే చెప్పును. పని చిన్నదిగా కనబడినా ప్రయోజనము పెద్దది. గత పదేళ్ళలో జరిగిన కొన్ని పెద్ద సమాచార చౌర్యాలలో దొంగలు ప్రవేశించిన ద్వారము అప్పటికే లోకమంతటికీ తెలిసినదై, దానికి మరమ్మతు కూడా విడుదలై ఉన్నది.

పరిభాష

ఈ విషయమును అర్థము చేసుకొనుటకు కొన్ని పదాలు తెలియవలెను.

డిపెండెన్సీ: ఒక ప్రోగ్రాము పనిచేయుటకు ఆధారపడిన, ఇతరులు తయారుచేసిన భాగము. తేదీలను లెక్కించుట, చిత్రాలను కుదించుట, డేటాబేసుతో మాట్లాడుట వంటి పనులకు ప్రోగ్రామర్లు ప్రతిసారీ కొత్తగా కోడ్ వ్రాయరు. ఆ పని చేయు లైబ్రరీని తెచ్చి వాడుకొందురు.

ప్రత్యక్ష, పరోక్ష డిపెండెన్సీలు: ప్రోగ్రామరు తానుగా ఎంచుకొన్నది ప్రత్యక్షము. అది మరొక లైబ్రరీపై ఆధారపడినచో ఆ రెండవది పరోక్షము. ఆ రెండవది మూడవదానిపై, మూడవది నాలుగవదానిపై ఆధారపడవచ్చును. కావున ప్రోగ్రామరు పది లైబ్రరీలను కోరగా కొన్ని వందలు వచ్చి చేరుట సామాన్యము.

బిల్డ్: ప్రోగ్రామర్లు వ్రాసిన మూల కోడ్‌ను, డిపెండెన్సీలను కలిపి వాడుకకు సిద్ధమైన సాఫ్ట్‌వేర్‌గా మార్చుట. పూర్వము దీనిని మనుషులే చేసెడివారు. నేడు కోడ్‌లో మార్పు చేర్చిన వెంటనే జెంకిన్స్, గిట్‌ల్యాబ్, గిట్‌హబ్ యాక్షన్స్ వంటి వ్యవస్థలు తామే బిల్డ్ చేసి, పరీక్షలు నడిపి, ఫలితము తెలియజేయును. ఈ పద్ధతిని కంటిన్యుయస్ ఇంటిగ్రేషన్ అందురు.

వల్నరబిలిటీ: పరాయివారు లోపలికి చొరబడుటకు గాని, సమాచారమును దొంగిలించుటకు గాని, సేవను స్తంభింపజేయుటకు గాని వీలు కల్పించు భద్రతా లోపము.

వెర్షన్: లైబ్రరీ యొక్క విడుదల సంఖ్య. ఒకే లైబ్రరీ 2.14.1 వెర్షన్‌లో లోపము ఉండి, తరువాతి వెర్షన్‌లో సరిచేయబడి ఉండవచ్చును. కావున లైబ్రరీ పేరు తెలిసినంత మాత్రమున చాలదు, వెర్షన్ కూడా ఖచ్చితముగా తెలియవలెను.

విత్తన సంచి ఉదాహరణ

నంద్యాల ప్రాంతములో వ్యవసాయము ఎరిగినవారికి ఈ ప్రక్రియ సారాంశమును విత్తన సంచితో పోల్చి చెప్పవచ్చును. విత్తనాల చట్టము, 1966 పరిధిలోకి వచ్చు విత్తనాల సంచిపై రకము పేరు, లాట్ సంఖ్య, మొలక శాతము, పరీక్ష తేదీ వంటి వివరాలు గల చీటీ ఉండును. ఫలానా లాట్ విత్తనము నాసిరకమని తరువాత తేలినదనుకొందము. చీటీని, రసీదును దాచుకొన్న రైతు తన పొలములో పడినది ఆ లాటా, కాదా అని క్షణములో చెప్పగలడు. చీటీ పారవేసినవాడు పైరు పెరిగి పూత రాలువరకు చెప్పలేడు.

సాఫ్ట్‌వేర్‌లో లైబ్రరీ పేరు రకము వంటిది, వెర్షన్ లాట్ సంఖ్య వంటిది. ఒక్క తేడా మాత్రము ఉన్నది. రైతు ఏడాదికి ఒకటి రెండుసార్లు విత్తనము కొనును. సాఫ్ట్‌వేర్ సంస్థలో రోజుకు అనేక పర్యాయాలు బిల్డ్ జరుగును, ప్రతి బిల్డ్‌లోను కొత్త వెర్షన్లు వచ్చి చేరవచ్చును. అందువలన ఈ చీటీలను చేతితో సరిచూచుట సాధ్యము కాదు.

పనిచేయు విధానము

తనిఖీ సాధారణముగా ఈ క్రమములో జరుగును.

1. జాబితా తయారీ. చాలా ప్రోగ్రామింగు భాషలకు డిపెండెన్సీలను నమోదు చేయు ఫైలు ఒకటి ఉండును. జావాస్క్రిప్ట్‌లో ప్యాకేజ్.జేసన్, జావాలో మేవెన్ వాడువారికి పామ్.ఎక్స్‌ఎంఎల్, పైథాన్‌లో రిక్వైర్‌మెంట్స్.టీఎక్స్‌టీ ఇటువంటివి. వీటిలో ప్రత్యక్ష డిపెండెన్సీలు మాత్రమే ఉండి, వెర్షన్ కూడా "ఇంతకంటె కొత్తది ఏదైనా సరే" అన్నట్లు ఉండవచ్చును. లాక్ ఫైలులో పరోక్షమైనవాటితో సహా అన్ని వెర్షన్లు ఖచ్చితముగా నమోదై ఉండును. కావున స్కానర్లు లాక్ ఫైలు ఉన్నచోట దానినే చదువును. కొన్ని స్కానర్లు తయారైన సాఫ్ట్‌వేర్‌ను విప్పి, లోపలి ఫైళ్ళను చూచి జాబితా కట్టును.

2. పోలిక. జాబితాలోని ప్రతి పేరును, వెర్షన్‌ను బహిరంగ లోపాల పట్టికలతో పోల్చును. లోపము ఏ వెర్షన్ నుండి ఏ వెర్షన్ వరకు ఉన్నదో పట్టికలో వ్రాసి ఉండును. సంఖ్య ఆ పరిధిలో పడినచో దానిని గుర్తించును.

3. నివేదిక. లోపము సంఖ్య, తీవ్రత, అది ఏ మార్గమున లోపలికి వచ్చినది, ఏ వెర్షన్‌కు మారినచో పోవును అను వివరాలు ఇచ్చును. ఇందులో మార్గము ముఖ్యమైనది. లోపమున్న లైబ్రరీ పరోక్షముగా వచ్చినచో దానిని తెచ్చిన పై లైబ్రరీని మార్చవలసి రావచ్చును.

4. నిర్ణయము. సంస్థ ముందుగా పెట్టుకొన్న నియమమును బట్టి బిల్డ్ కొనసాగును, లేదా ఆగిపోవును. "అతి తీవ్రమైన లోపము ఉండి, దానికి మరమ్మతు విడుదలై ఉన్నచో ఆపవలెను" అనునది తరచుగా కనబడు నియమము. మరమ్మతే లేని లోపమునకు బిల్డ్ ఆపినచో ప్రోగ్రామరు చేయగలిగినది స్వల్పము.

5. మినహాయింపు. లోపమున్న భాగమును తమ ప్రోగ్రాము పిలువదని నిర్ధారణ అయినచో, కారణము వ్రాసి మినహాయింపు ఇవ్వవచ్చును. మినహాయింపునకు గడువు తేదీ పెట్టుట మంచి పద్ధతి. గడువు లేనిచో అది శాశ్వతముగా మరుగున పడిపోవును.

బిల్డ్ సమయమున మాత్రమే తనిఖీ చేసిన చాలదు. నిన్న ఏ లోపము చూపని సాఫ్ట్‌వేర్‌లో నేడు లోపము కనబడవచ్చును. మారినది కోడ్ కాదు, పట్టిక. అందుచేత మార్పులు లేకున్నను ప్రతి రాత్రి తనిఖీ నడుపుట, ఇప్పటికే వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్‌ల జాబితాలను భద్రపరచి కొత్త లోపము ప్రకటింపబడిన వెంటనే వాటితో సరిచూచుట అవసరము. ఈ జాబితాను సాఫ్ట్‌వేర్ బిల్ ఆఫ్ మెటీరియల్స్, క్లుప్తముగా ఎస్‌బామ్ అందురు. దీనిని వ్రాయుటకు ఎస్‌పీడీఎక్స్, సైక్లోన్‌డీఎక్స్ అను రెండు ప్రమాణాలు ప్రసిద్ధములు. మొదటిది లినక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యములో రూపొంది 2021లో అంతర్జాతీయ ప్రమాణముగా గుర్తింపు పొందినది. రెండవది ఓవాస్ప్ సంస్థ ఆధ్వర్యములో 2017లో మొదలైనది.

డిపెండెన్సీ స్కానింగ్‌ను మూల కోడ్ తనిఖీతో పొరబడరాదు. రెండవది సంస్థవారు స్వయముగా వ్రాసిన కోడ్‌లో తప్పులను వెదకును. మొదటిది తెచ్చుకొన్న కోడ్‌ను గురించినది. పూర్తి భద్రతకు రెండును కావలెను.

లోపాల పట్టికలు

స్కానరు విలువ దాని వెనుక ఉన్న పట్టిక విలువను మించదు.

సీవీఈ: 1999లో అమెరికాలోని మైటర్ సంస్థ ప్రారంభించిన పద్ధతి. ప్రతి లోపమునకు సంవత్సరముతో కూడిన ఒక సంఖ్య ఇచ్చెదరు. ఉదాహరణకు సీవీఈ-2021-44228. అంతకు ముందు ఒకే లోపమును వేర్వేరు సంస్థలు వేర్వేరు పేర్లతో పిలుచుటవలన గందరగోళము ఉండెడిది. 2024లో 40,000కు పైగా సీవీఈలు ప్రచురింపబడినవి.

ఎన్‌వీడీ: అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ అయిన నిస్ట్ నిర్వహించు పట్టిక. 2005లో ప్రారంభమైనది. సీవీఈలకు తీవ్రత, ఏ ఉత్పత్తులకు వర్తించును వంటి వివరాలను ఇది జోడించును.

సీవీఎస్ఎస్: తీవ్రతను 0 నుండి 10 వరకు కొలుచు పద్ధతి. 0.1 నుండి 3.9 వరకు స్వల్పము, 4.0 నుండి 6.9 వరకు మధ్యమము, 7.0 నుండి 8.9 వరకు తీవ్రము, 9.0 నుండి 10.0 వరకు అతి తీవ్రము. దీని నాలుగవ రూపము 2023 నవంబరులో విడుదలైనది.

ఓఎస్‌వీ: గూగుల్ 2021 ఫిబ్రవరిలో ప్రారంభించిన పట్టిక. లోపమున్న వెర్షన్లను స్కానర్లు సులభముగా చదువగల రూపములో ఇచ్చుట దీని ప్రత్యేకత.

కేఈవీ: అమెరికా సైబరు భద్రతా సంస్థ సీసా 2021 నవంబరులో ప్రారంభించిన జాబితా. దొంగలు వాస్తవముగా వాడుచున్నట్లు తేలిన లోపాలు మాత్రమే ఇందులో ఉండును. వందల హెచ్చరికలలో ఏది ముందు సరిచేయవలెను అని తేల్చుటకు ఇది ఉపకరించును.

ఈ పట్టికలు ప్రపంచమంతా వాడుకొనునవే అయినను వాటి నిర్వహణ కొద్దిమంది చేతులలో ఉన్నది. 2024 ఫిబ్రవరి నుండి ఎన్‌వీడీలో వివరాలు జోడించు పని మందగించి, వేలకొలది లోపాలు విశ్లేషణ లేకుండ నిలిచిపోయినవి. 2025 ఏప్రిల్‌లో సీవీఈ నిర్వహణకు మైటర్‌తో ఉన్న ఒప్పందము గడువు ముగియబోగా, అమెరికా ప్రభుత్వము చివరి ఘడియలలో దానిని 11 నెలలు పొడిగించినది.

చరిత్ర

ప్యాకేజీలను ఇంటర్నెట్ నుండి తెచ్చుకొనుట సులభమైన కొలదీ డిపెండెన్సీల సంఖ్య పెరిగినది. ఈ ఆధారము ఎంత లోతైనదో 2016 మార్చిలో లోకానికి తెలిసినది. లెఫ్ట్-ప్యాడ్ అను 11 వరుసల జావాస్క్రిప్ట్ ప్యాకేజీని దాని రచయిత ఉపసంహరించుకొనగా, దానిపై పరోక్షముగా ఆధారపడిన అనేక ప్రాజెక్టుల బిల్డ్‌లు ఆగిపోయినవి. అది భద్రతా లోపము కాదు. అయినను తమ సాఫ్ట్‌వేర్‌లో అటువంటి ప్యాకేజీ ఒకటి ఉన్నదని చాలామంది ప్రోగ్రామర్లకు ఆనాడే తెలిసినది.

స్కానర్లు అంతకు ముందే రూపుదిద్దుకొన్నవి. జావా ప్రోగ్రాములకు ఎక్కువగా వాడబడు డిపెండెన్సీ-చెక్ అను ఉచిత సాధనమును జెరెమీ లాంగ్ 2012లో విడుదల చేసెను. వెబ్ సాఫ్ట్‌వేర్‌లో కనబడు పది ముఖ్య ప్రమాదాల జాబితాను ఓవాస్ప్ కొన్నేళ్ళకొకమారు ప్రకటించును. 2013 జాబితాలో "తెలిసిన లోపాలు గల భాగాలను వాడుట" తొలిసారిగా ప్రత్యేక అంశమై తొమ్మిదవ స్థానము పొందినది. 2021లో అది ఆరవ స్థానమునకు చేరినది.

గిట్‌హబ్ 2017 నవంబరులో తన వద్ద ఉన్న ప్రాజెక్టులకు భద్రతా హెచ్చరికలు పంపుట మొదలుపెట్టినది. 2018లో జావాస్క్రిప్ట్ ప్యాకేజీల సాధనమైన ఎన్‌పీఎంలో ఆడిట్ అను ఆదేశము చేరినది. లోపమును చూపుటతో ఆగక, వెర్షన్ మార్పును తానే ప్రతిపాదించు డిపెండబాట్ అను సాధనమును గిట్‌హబ్ 2019 మేలో కొనుగోలు చేసినది. ఆపరేటింగు సిస్టముతో సహా అన్ని భాగాలను ఒకే మూటగా కట్టు కంటైనర్ల వాడుక పెరిగిన తరువాత, ఆ మూటలను విప్పి చూచు ట్రివీ, గ్రైప్ వంటి ఉచిత సాధనాలు ప్రాచుర్యము పొందినవి. గో భాషకు 2022లో వచ్చిన గోవల్న్‌చెక్ మరొక అడుగు ముందుకు వేసినది. లైబ్రరీలో లోపమున్న ఫంక్షన్‌ను ప్రోగ్రాము పిలుచుచున్నదా, లేదా అని కూడా అది పరిశీలించును.

ముఖ్య సంఘటనలు

ఈక్విఫాక్స్, 2017. ఇది అమెరికాలో ప్రజల రుణ చరిత్రలను నమోదు చేయు సంస్థ. దాని వెబ్‌సైట్లలో ఒకటి అపాచీ స్ట్రట్స్ అను ఉచిత జావా భాగమును వాడినది. ఆ భాగములో సీవీఈ-2017-5638 అను అతి తీవ్రమైన లోపమును, దాని మరమ్మతును 2017 మార్చి 7న ప్రకటించిరి. మరమ్మతు చేయుడని సంస్థలో అంతర్గతముగా ఆదేశము వెలువడినది. మార్చి 15న స్కాను కూడా నడిపిరి. కాని ఆ స్కాను లోపమున్న వ్యవస్థను పట్టుకొనలేదు. మే మధ్య నుండి జూలై చివరివరకు దొంగలు లోపల ఉండి, సుమారు 14.7 కోట్లమంది వివరాలను దొంగిలించిరి. సెప్టెంబరు 7న విషయము బహిరంగమైనది. 2019 జూలైలో కనీసము 57.5 కోట్ల డాలర్లు చెల్లించుటకు సంస్థ ఒప్పుకొన్నది.

ఈ సంఘటనలో లోపము తెలియకపోలేదు, మరమ్మతు లేకపోలేదు, స్కానరు లేకపోలేదు. ఆ భాగము తమ వద్ద ఎక్కడెక్కడ ఉన్నదో తెలుపు నమ్మదగిన జాబితా లేదు. వెలుపలినుండి ఒకసారి వెదకు స్కానునకు, ప్రతి బిల్డ్‌లోను లోపలినుండి జాబితా కట్టు స్కానునకు గల తేడాను వివరించుటకు దీనిని తరచుగా ఉదహరించెదరు.

లాగ్4షెల్, 2021. లాగ్4జే అను ఉచిత జావా లైబ్రరీ ప్రోగ్రాములో జరుగు సంఘటనలను చిట్టాలో వ్రాయును. ఎవరైనా ఒక ప్రత్యేక రూపములోని పదగుచ్ఛమును ఆ చిట్టాలోకి చేరవేసినచో, లైబ్రరీ దానిని సాధారణ వ్రాతగా కాక ఆదేశముగా తీసుకొని, దొంగ చూపిన చోటినుండి కోడ్ తెచ్చి నడుపుటకు వీలు ఉన్నదని బయటపడినది. చిట్టాలో వాడుకరి పేరు గాని, సందేశము గాని నమోదగుట సహజము కనుక దాడి అతి సులభమైనది. 2021 డిసెంబరు 9, 10 తేదీలలో లోకమునకు తెలిసిన ఈ లోపమునకు (సీవీఈ-2021-44228) తీవ్రతలో పూర్తి 10 లభించినది. మొదటి మరమ్మతు అసంపూర్ణమని తేలి, అదే నెలలో వరుసగా మరికొన్ని వెర్షన్లు విడుదలైనవి.

అప్పుడు ప్రపంచమంతటా సంస్థలు వేసుకొన్న మొదటి ప్రశ్న "ఇది మన వద్ద ఉన్నదా?" అనునదే. గూగుల్ పరిశోధకులు ఆ నెలలోనే జావా ప్యాకేజీల కేంద్ర భాండాగారమును పరిశీలించి, లోపము సోకిన ప్యాకేజీలలో 80 శాతమునకు పైగా లాగ్4జే ఒక అంచెకు మించిన లోతున ఉన్నదని తెలిపిరి. కొన్నింటిలో తొమ్మిది అంచెల లోతున ఉన్నది. జాబితా సిద్ధముగా ఉన్న సంస్థలు గంటలలో జవాబు చెప్పగలిగినవి. లేనివి వారాలు వెదకినవి.

పరిమితులు

తెలియని లోపాలు. పట్టికకు ఎక్కని లోపమును స్కానరు చూపలేదు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు లినక్స్‌లో విరివిగా వాడబడు ఎక్స్‌జెడ్ అను కుదింపు సాధనములో ఉద్దేశపూర్వకముగా దాచిన రహస్య ద్వారమును బయటపెట్టెను. తన కంప్యూటరులో లాగిన్ కొంత ఆలస్యమగుటను గమనించి, కారణము వెదకుచు పోగా అది దొరికినది. 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఉన్న ఆ ద్వారమునకు అంతవరకు సంఖ్య లేదు కనుక ఏ డిపెండెన్సీ స్కానరు దానిని చూపు అవకాశము లేదు.

ద్రోహపూరిత ప్యాకేజీలు. ఈవెంట్-స్ట్రీమ్ అను జావాస్క్రిప్ట్ ప్యాకేజీ నిర్వహణను 2018లో సహాయము చేయుదునని వచ్చిన అపరిచితునికి అప్పగించగా, అతడు డిజిటల్ నాణేలను దొంగిలించు కోడ్‌ను చేర్చెను. 2025 సెప్టెంబరులో షాయి-హులూద్ అను కంప్యూటరు పురుగు ఎన్‌పీఎం ప్యాకేజీలలో ఒకదాని నుండి మరొకదానికి తానే వ్యాపించినది. ఇటువంటి వాటిలో కొత్త వెర్షన్ వెలువడిన తొలి గంటలే అపాయకరము. పాత లోపాలకు భయపడి వెంటనే వెర్షన్ మార్చుకొన్నవారే వీటికి చిక్కవచ్చును. అందువలన అత్యవసరము కాని కొత్త వెర్షన్లను కొన్ని రోజులు ఆగి తీసుకొను పద్ధతి వ్యాప్తిలోకి వచ్చినది.

తప్పుడు హెచ్చరికలు. పేర్లు కలియుటవలన లేని లోపమును ఉన్నట్లు చూపుట, ఒక లైబ్రరీ లోపల మరొకటి పేరు మార్చి దాగి ఉన్నప్పుడు ఉన్న లోపమును చూపకపోవుట రెండును కలవు. అధిక హెచ్చరికలవలన ప్రోగ్రామర్లు విసిగి, అన్నింటిని ఒకేరీతిగా ఉపేక్షించుట మరింత ప్రమాదకరము.

స్కానరే ద్వారమగుట. బిల్డ్ జరుగు కంప్యూటరులో పాస్‌వర్డులు, తాళపు సంఖ్యలు ఉండును. అక్కడ నడుచు ప్రతి సాధనమునకు అవి అందుబాటులో ఉండవచ్చును. 2021లో కోడ్‌కవ్ అను పరీక్షల సాధనపు స్క్రిప్టును దొంగలు మార్చివేయగా, దానిని బిల్డ్‌లలో వాడిన సంస్థల రహస్యాలు సుమారు రెండు నెలలపాటు బయటికి పోయినవి. స్కానరుకు కూడా ఇదే న్యాయము వర్తించును. దాని వెర్షన్‌ను స్థిరపరచి, అవసరమునకు మించిన అనుమతులు ఇవ్వకుండుట మేలు.

మరమ్మతు చేయువారి కొరత. స్కానరు చెప్పుటతో లోపము పోదు. ఎవరో ఒకరు వెర్షన్ మార్చి, పరీక్షించి, విడుదల చేయవలెను. లాగ్4జే వంటి లైబ్రరీలను నడుపువారు అధికముగా స్వచ్ఛంద సేవకులే. ప్రపంచమంతయు ఆధారపడిన భాగమును తీరిక వేళలలో కొద్దిమంది నిర్వహించుట ఈ రంగపు మూల సమస్యలలో ఒకటి.

భారతదేశములో

దేశములో సైబరు భద్రతా సంఘటనలకు సంబంధించిన జాతీయ సంస్థ సెర్ట్-ఇన్. ఇది 2004 నుండి పనిచేయుచున్నది. సమాచార సాంకేతిక చట్టములోని 70బి విభాగము దీనికి అధికారము ఇచ్చినది. 2021లో ఇది సీవీఈ సంఖ్యలను స్వయముగా కేటాయించు అర్హత పొందినది. కావున భారతదేశములో బయటపడిన లోపమునకు ఇక్కడినుండియే సంఖ్య ఇచ్చు వీలు ఏర్పడినది. నిర్దేశిత సైబరు సంఘటనలను గుర్తించిన 6 గంటలలోగా తెలియజేయవలెనని ఈ సంస్థ 2022 ఏప్రిల్ 28న ఆదేశించినది.

సెర్ట్-ఇన్ 2024 అక్టోబరులో ఎస్‌బామ్‌పై సాంకేతిక మార్గదర్శకాలను, 2025 జూలైలో వాటి విస్తృత రూపమును విడుదల చేసినది. ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు, అత్యవసర సేవల సంస్థలు, సాఫ్ట్‌వేర్ ఎగుమతిదారులు సాఫ్ట్‌వేర్‌లోని భాగాల జాబితాను కోరవలెనని, నిర్వహించవలెనని వీటి సారాంశము. షేర్ల విపణిని నియంత్రించు సెబీ 2024 ఆగస్టు 20న ప్రకటించిన సైబరు భద్రతా చట్రములో కూడా ఎస్‌బామ్ ప్రస్తావన ఉన్నది. అమెరికాలో 2021 మే 12న వెలువడిన అధ్యక్షుని ఉత్తర్వు ఈ దిశలో తొలి పెద్ద అడుగు.

తెలుగువారికి సంబంధము

ఈ రంగముతో తెలుగువారికి రెండు విధాల సంబంధము ఉన్నది. మొదటిది వృత్తిపరమైనది. మైక్రోసాఫ్ట్ తన భారత అభివృద్ధి కేంద్రమును 1998లో హైదరాబాదులో నెలకొల్పినది. హైదరాబాదులో జన్మించిన, అనంతపురం జిల్లా బుక్కాపురం మూలాలు గల సత్య నాదెళ్ల ఆ సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారిగా ఉన్న కాలములోనే 2018లో గిట్‌హబ్, 2020లో ఎన్‌పీఎం ఆ సంస్థ పరిధిలోకి వచ్చినవి. అనగా ప్రపంచములోని అతి పెద్ద కోడ్ భాండాగారము, అతి పెద్ద ప్యాకేజీ భాండాగారము, వాటికి హెచ్చరికలు పంపు డిపెండబాట్ ఒకే గొడుగు క్రిందికి చేరినవి. సమాచార భద్రతపై ప్రజలకు అవగాహన కల్పించు కేంద్ర ప్రభుత్వ కార్యక్రమములో హైదరాబాదులోని సీ-డాక్ కేంద్రము ప్రధాన పాత్ర వహించినది.

రెండవది పౌరులకు సంబంధించినది. తెలుగు నేలపై ప్రభుత్వ సేవలు చాలా ముందుగానే కంప్యూటరు పట్టినవి. రిజిస్ట్రేషన్ శాఖలో కార్డ్ పథకము 1998లోను, మీసేవ 2011లోను ప్రారంభమైనవి. ఆంధ్ర ప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలైనవి. 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో వాట్సాప్ ద్వారా 161 సేవలు అందించుట ప్రారంభమైనది. నంద్యాల జిల్లాలోని పగిడ్యాల వంటి మండల కేంద్రములో నివసించు రైతు తన భూమి వివరము, ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా ఏదో ఒక సాఫ్ట్‌వేర్‌కు అప్పగించుట నేడు తప్పనిసరి. అందులో ఎన్ని లైబ్రరీలు ఉన్నవో అతనికి తెలియదు, తెలియవలసిన అవసరము కూడా లేదు. ఆ జాబితాను ఉంచుకొనుట, సరిచూచుట తయారుచేసినవారి బాధ్యత. ఈక్విఫాక్స్ సంఘటనలో నష్టపోయినవారిలో అధికులు ఆ సంస్థతో ఎన్నడూ నేరుగా వ్యవహరించినవారు కారు.

విద్యార్థులకు

ఇంజనీరింగు, ఎంసీఏ విద్యార్థులు తమ ప్రాజెక్టులలోనే ఈ తనిఖీని అభ్యసించవచ్చును. పైన పేర్కొన్న డిపెండెన్సీ-చెక్, ట్రివీ, గ్రైప్, గోవల్న్‌చెక్, పైథాన్‌కు సంబంధించిన పిప్-ఆడిట్ సాధనాలన్నియు ఉచితముగా లభించును. గిట్‌హబ్‌లో ఉంచిన ప్రాజెక్టుకు డిపెండబాట్ హెచ్చరికలను ఖర్చు లేకుండ పొందవచ్చును. రెండు మూడేళ్ళ క్రితము పూర్తి చేసి వదిలివేసిన ప్రాజెక్టుపై స్కానరు నడిపి చూచుట మంచి అభ్యాసము. కోడ్‌లో ఒక్క అక్షరము మారకున్నను హెచ్చరికలు పెరిగి ఉండుట సాధారణముగా కనబడును. ప్రతి హెచ్చరికకు అది ఏ మార్గమున వచ్చినది, తమ కోడ్ ఆ భాగమును పిలుచుచున్నదా, ఏ వెర్షన్‌కు మారవలెను అను మూడు ప్రశ్నలకు జవాబు వ్రాసుకొనినచో ఈ విషయము బోధపడును.